సూరత్‌లో మొదటి కారు: పాత డీజిలా, పాత పెట్రోలా?

సూరత్‌లోని లింబాయత్, డిండోలి, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగు తరచుగా వినిపిస్తుంది. ఒకప్పటి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఆ ఇళ్లలోని ఇప్పటి తరం మగ్గం దాటి బట్టల మార్కెట్‌లో లెక్కలు రాస్తోంది, హజీరా కర్మాగారాల్లో ఇంజినీర్లుగా పనిచేస్తోంది. ఉద్యోగంలో కుదురుకున్న రెండేళ్లకు, మూడు నాలుగు లక్షల్లో ఒక పాత హ్యాచ్‌బ్యాక్ కొనాలన్న ఆలోచన మొదలవుతుంది. దానితోపాటే ఇంట్లో ఒక వాదనా మొదలవుతుంది. పెద్దవాళ్లు డీజిల్ అంటారు, మైలేజీ ఎక్కువని. స్నేహితులు పెట్రోల్ అంటారు, రిపేర్లు తక్కువని. ఇద్దరి మాటా నిజమే. కానీ ఆ నిజాలు ఏ ఊరికి, రోజుకు ఎన్ని కిలోమీటర్లకు వర్తిస్తాయన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఇంజిన్ లోపలి భౌతికశాస్త్రంలో కొంత, సూరత్ రోడ్లలో కొంత ఉంది.

లీటరు చేసే మాయ

2018లో వచ్చిన మారుతి స్విఫ్ట్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పాత కార్ల బజారులో విరివిగా దొరికే బండి ఇది. కంపెనీ ప్రకటించిన మైలేజీ పెట్రోల్‌కు లీటరుకు 22 కిలోమీటర్లు, డీజిల్‌కు 28.4. అంటే డీజిల్ 29 శాతం ఎక్కువ. ఈ అంకె చూసి డీజిల్ ఇంజిన్ అంత గొప్పదనుకుంటే పొరపాటు. మనం ఇంధనాన్ని కిలోల్లో కాదు, లీటర్లలో కొంటాం. డీజిల్ పెట్రోల్ కన్నా చిక్కటి ద్రవం. లీటరు పెట్రోల్‌లో దాదాపు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు డీజిల్‌లో దాదాపు 36 ఉంటుంది. అంటే ఆ 29 శాతంలో 12 శాతానికి పైగా సీసాలోనే ఉంది. ఇంజిన్ సొంతంగా సాధించింది మిగిలిన 15 శాతం.

ఆ 15 శాతం ఎక్కడి నుంచి వస్తుంది? సైకిల్ పంపు కొట్టేటప్పుడు దాని గొట్టం వేడెక్కడం అందరికీ తెలుసు. గాలిని వేగంగా నొక్కితే వేడెక్కుతుంది. పెట్రోల్ ఇంజిన్ గాలి, ఇంధనాల మిశ్రమాన్ని దాదాపు పదో వంతుకో, పదకొండో వంతుకో నొక్కి, స్పార్క్ ప్లగ్‌తో మండిస్తుంది. అంతకన్నా గట్టిగా నొక్కితే మంట చేరకముందే మిశ్రమంలో కొంత దానంతటదే అంటుకుని 'నాకింగ్' శబ్దం వస్తుంది. డీజిల్ ఇంజిన్‌కు ఆ భయం లేదు. అది ముందు వట్టి గాలినే పదహారు, పదిహేడో వంతుకు నొక్కుతుంది. ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అప్పుడు చిమ్మిన డీజిల్ దానంతటదే మండుతుంది. ఎంత నొక్కితే, మండిన వాయువు అంతగా వ్యాకోచించి పిస్టన్‌కు అంత ఎక్కువ పని ఇస్తుంది. 1890ల్లో జర్మన్ ఇంజినీర్ రుడాల్ఫ్ డీజిల్ పట్టుకున్న సూత్రం ఇదే.

రెండో కారణం నగరంలోనే బాగా తెలుస్తుంది. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి, ఇంధనాల పాళ్లు దాదాపు స్థిరంగా, బరువులో 14.7కు 1గా ఉండాలి. అందుకని నెమ్మదిగా వెళ్లాలంటే గాలి దారినే సగం మూసేయాలి. ఆ పని చేసేది థ్రాటిల్. సగం నొక్కిన స్ట్రాతో చిక్కటి మజ్జిగ పీల్చినట్టు, ఇంజిన్ తన శక్తిలో కొంత ఆ పీల్చుకోవడానికే ఖర్చు చేస్తుంది. డీజిల్‌లో గాలికి అడ్డు దాదాపు ఉండదు. ఇంధనం తగ్గిస్తే చాలు. ట్రాఫిక్‌లో పాకుతూ వెళ్లేటప్పుడు డీజిల్ పొదుపుగా అనిపించడానికి కారణం ఇదే.

సూరత్ ధర, హైదరాబాద్ ధర

2012 వేసవిలో ఢిల్లీలో పెట్రోల్‌కూ డీజిల్‌కూ లీటరుకు 30 రూపాయలకు పైగా తేడా ఉండేది. దేశంలో డీజిల్ కార్లు ఎగబడి అమ్ముడైన రోజులవి. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ పోయింది. ఆ తర్వాత తేడా కరిగిపోతూ వచ్చింది. ఎంత కరిగిందన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, ఎందుకంటే వ్యాట్ వేసేది రాష్ట్రాలే. 2024 మార్చిలో ధరలు తగ్గించాక గుజరాత్‌లో పెట్రోల్ 94, 95 రూపాయల మధ్య, డీజిల్ 90 దగ్గర నిలిచాయి. హైదరాబాద్‌లో పెట్రోల్ 107 దాటితే, డీజిల్ 95, 96 మధ్య ఉంది. హైదరాబాద్‌లో తేడా దాదాపు 12 రూపాయలు. సూరత్‌లో నాలుగున్నర.

కరీంనగర్‌లోని బంధువులు "డీజిలే తీసుకో" అని ఫోన్‌లో చెప్పే సలహా సూరత్‌కు సరిగ్గా అతకకపోవడానికి ఇది మొదటి కారణం. లెక్క వేసి చూద్దాం. ప్రకటించిన మైలేజీ నగరంలో ఎవరికీ రాదు. పెట్రోల్ బండి 15, డీజిల్ బండి 19 ఇస్తాయనుకుందాం. సూరత్‌లో కిలోమీటరుకు పెట్రోల్ ఖర్చు 6 రూపాయల 30 పైసలు, డీజిల్ ఖర్చు 4 రూపాయల 74 పైసలు. మిగిలేది రూపాయి 56 పైసలు. హైదరాబాద్‌లో ఇదే లెక్కకు 2 రూపాయల 13 పైసలు మిగులుతుంది.

పాత డీజిల్ బండికి అదనపు ఖర్చులున్నాయి. ఇంజిన్ ఆయిల్ ఎక్కువ పడుతుంది, ఇంధన ఫిల్టర్ తరచుగా మార్చాలి. వెయ్యి వాతావరణాలకు మించిన పీడనంతో డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్లు, నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరగగల టర్బో ఉంటాయి. ఏడేళ్లు దాటిన బండిలో ఇవి ఎప్పుడైనా ఖర్చు పెట్టించవచ్చు. అందుకని ఏటా 15 వేలు పక్కన పెట్టాలనుకుంటే, సూరత్‌లో ఆ డబ్బు వెనక్కి రావడానికి ఏడాదికి 9,600 కిలోమీటర్లు, అంటే నెలకు 800 కిలోమీటర్లు తిరగాలి. హైదరాబాద్‌లో నెలకు 600 లోపే సరిపోతుంది.

లింబాయత్ నుంచి రింగ్ రోడ్డు బట్టల మార్కెట్‌కు వెళ్లివచ్చే కుర్రాడు ఆదివారం డుమస్ షికారు కలుపుకున్నా నెలకు 400 కిలోమీటర్లు దాటడు. అతనికి డీజిల్ ఏడాదికి ఏడున్నర వేలు నష్టం. రోజూ హజీరా వెళ్లివచ్చే అమ్మాయి నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతుంది. ఆమెకు ఏటా 13 వేలు మిగులుతాయి. ఏడాదికోసారి తెలంగాణలోని సొంతూరికి వెళ్లివచ్చే రెండు వేల కిలోమీటర్లు ఈ లెక్కను పెద్దగా మార్చవు. కానీ ఇంట్లో వాదన జరిగినప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఆ ప్రయాణమే.

మసికి వేడి కావాలి

డబ్బు లెక్క కన్నా బలమైన కారణం ఇంకొకటి ఉంది. డీజిల్ చిన్న బిందువులుగా మండుతుంది. ప్రతి బిందువు నడిమి భాగానికి తగినంత ఆక్సిజన్ అందదు, అక్కడ మసి పుడుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాలు డీజిల్ కారు కిలోమీటరుకు 4.5 మిల్లీగ్రాముల కన్నా ఎక్కువ కణాలు వదలకూడదన్నాయి. బీఎస్-4లో ఆ పరిమితి 25. నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 250 నుంచి 80 మిల్లీగ్రాములకు తగ్గింది. ఇంత తేడా సాధించాలంటే పొగగొట్టంలో పార్టిక్యులేట్ ఫిల్టర్ అమర్చక తప్పలేదు.

పింగాణీ లాంటి పదార్థంతో చేసిన తేనెపట్టు ఈ ఫిల్టర్. మసిని పట్టి ఉంచుతుంది. నిండినప్పుడు కాల్చేసుకోవాలి. దానికి 600 డిగ్రీల దగ్గరి వేడి కావాలి. హైవే మీద ఇరవై నిమిషాలు ఆగకుండా నడిపితే ఆ పని సాగిపోతుంది. రింగ్ రోడ్డు ఫ్లైఓవర్ కింద ఆగుతూ, కదులుతూ ఐదు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే సాగదు. ఫిల్టర్‌ను వేడెక్కించడానికి కొన్ని ఇంజిన్లు అదనంగా డీజిల్ చిమ్ముతాయి. బండి మధ్యలో ఆగిపోతే అందులో కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. చివరికి హెచ్చరిక దీపం వెలుగుతుంది, ఆ తర్వాత వర్క్‌షాప్ బిల్లు వస్తుంది. బీఎస్-6 డీజిల్ హ్యాచ్‌బ్యాక్ కొనేవాళ్లు అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎంత తిరిగింది' కాదు, 'ఎక్కడ తిరిగింది'. హైవే మీద 80 వేల కిలోమీటర్లు నడిచిన బండి, ఊళ్లోనే 30 వేలు నడిచిన బండి కన్నా మెరుగ్గా ఉండవచ్చు.

బీఎస్-4 కాలం నాటి చిన్న డీజిల్ కార్లలో చాలావాటికి ఈ ఫిల్టర్ లేదు. ఆ తలనొప్పి లేనందుకే మెకానిక్‌లు వాటిని మెచ్చుకుంటారు. కానీ ఆ మసి ఎక్కడికి పోతుంది? డీజిల్ పొగను క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే ప్రకటించింది. కర్మాగారాల చిమ్నీలు వదిలే ధూళి కణాలకు పరిమితి పెట్టి, ఆ హక్కులను కొనుక్కునే మార్కెట్‌ను ప్రపంచంలో మొదట 2019లో మొదలుపెట్టింది సూరత్‌లోనే. చిమ్నీకి లెక్క ఉన్న ఊళ్లో కారు పొగగొట్టాన్ని పట్టించుకోకపోవడం వింతే. కార్బన్ డయాక్సైడ్ పరంగా కూడా డీజిల్ ఆధిక్యం చిన్నదే. లీటరు పెట్రోల్ 2.3 కిలోలు, లీటరు డీజిల్ 2.7 కిలోలు వదులుతాయి. పై మైలేజీలతో లెక్కిస్తే కిలోమీటరుకు 153 గ్రాములు, 142 గ్రాములు.

మొత్తానికి పరిశ్రమ కూడా ఈ లెక్కే వేసింది. చిన్న డీజిల్‌కు ఫిల్టర్లు, ఉత్ప్రేరకాలు అమర్చితే ధర పెరుగుతుందని మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లే మానేసింది. 2025లో డీజిల్‌తో కొత్తగా దొరుకుతున్న హ్యాచ్‌బ్యాక్ టాటా ఆల్ట్రోజ్ ఒక్కటే. అంటే పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌లలో అధిక భాగం ఐదేళ్లు దాటినవే. మళ్లీ అమ్మేటప్పుడు కొనేవాళ్లు తగ్గుతారన్నది కూడా లెక్కలో ఉండాలి.

నాలుగు చెంచాల నీళ్లు

సూరత్‌కు నీటితో పాత పరిచయం. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తపతి నది నగరంలో అధిక భాగాన్ని ముంచేసింది. ఆనాటి కార్లు ఇప్పుడు బజారులో కనిపించవు. కానీ ఖాడీలని పిలిచే వాగులు పొంగి లింబాయత్, పర్వత్ పాటియా వైపు వీధులు మునగడం 2024 జులైలోనూ, 2025 జూన్‌లోనూ జరిగింది. 2024 ఆగస్టులో విశ్వామిత్రి నది వడోదరను ముంచింది. అక్కడి నుంచి సూరత్‌కు కారు రావడానికి మూడు గంటలు చాలు.

మునిగిన బండి ఎందుకు ప్రమాదమో ఒక చిన్న లెక్క చెబుతుంది. 1248 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 312 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 17.6 అయితే, పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు 19 మిల్లీలీటర్లే. అంటే నాలుగు టీ చెంచాలు. 1197 సీసీ పెట్రోల్ ఇంజిన్‌లో నిష్పత్తి 11 అనుకుంటే ఆ చోటు 30 మిల్లీలీటర్లు. గాలిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేం. గాలి పీల్చే దారిలోంచి అంతకన్నా ఎక్కువ నీరు లోపలికి వెళితే పిస్టన్ దారిలోనే ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్‌తో బండి స్టార్ట్ కావచ్చు, కొన్ని నెలలు నడవనూ వచ్చు. ఒకరోజు హఠాత్తుగా ఇంజిన్ పగులుతుంది. రెండు రకాల ఇంజిన్లకూ ఈ గండం ఉంది. డీజిల్‌కు కాస్త ఎక్కువ.

మునిగిన బండిని ఎంత కడిగినా కొన్ని చోట్ల ఆనవాళ్లు మిగులుతాయి. సీటు బెల్టును పూర్తిగా చివరి దాకా లాగితే లోపలి భాగంలో బురద చార కనిపించవచ్చు. స్టెప్నీ కింద గుంటలో మట్టి, సీటు పట్టాల బోల్టులకు తుప్పు, హెడ్‌లైట్ లోపల తేమ గీత, ఏసీ వేయగానే వచ్చే ముక్కవాసన, ఇవన్నీ సాక్ష్యాలే. సూరత్ సముద్రానికి దగ్గర కాబట్టి కొంత తుప్పు మామూలే. సీటు కింద ఉన్న తుప్పు మాత్రం మామూలు కాదు.

పెట్రోల్‌కూ సొంత చిక్కులున్నాయి

2023 ఫిబ్రవరిలో మొదలై, ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. కాబట్టి ఇంధనంలోని శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. నడపడంలో కనిపించే తగ్గుదల బండిని బట్టి మారుతుంది. పై లెక్కలో పెట్రోల్ మైలేజీ 5 శాతం పడిపోయిందనుకుంటే, డీజిల్ గెలిచే హద్దు నెలకు 800 నుంచి 660 కిలోమీటర్లకు దిగుతుంది. ఇది చిన్న మార్పు కాదు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కార్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు ఈ ఇంధనానికి తగినట్టు చేశారు. అంతకు ముందువి కొంటే ఇంధన గొట్టాలు ఉబ్బాయా, పగిలాయా చూడాలి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సూరత్ వానాకాలంలో నెలల తరబడి కదలని పెట్రోల్ బండి మంచి బేరం కాదు.

గుజరాత్‌లో సీఎన్‌జీ బంకులు విరివిగా ఉండటంతో చాలామంది పెట్రోల్ బండినే కొని గ్యాస్ కిట్ పెట్టిస్తారు. ఎక్కువ తిరిగేవారికి డీజిల్‌కు అసలు పోటీ ఇదే. అయితే కిట్ వివరం ఆర్‌సీలో నమోదై ఉండాలి. 200 వాతావరణాల పీడనంతో గ్యాస్ నింపే ఆ సిలిండర్‌కు మూడేళ్లకోసారి జరగాల్సిన పీడన పరీక్ష ధ్రువపత్రం ఉండాలి. రెండూ లేని బండిని చూసి వెనక్కి తిరగడమే మేలు.

కుర్రాళ్ల చేతిలో

కొత్తగా నడిపేవాళ్లకు డీజిల్ నచ్చడానికి మైలేజీ ఒక్కటే కారణం కాదు. 2018 స్విఫ్ట్ డీజిల్ 2,000 చుట్ల దగ్గరే 190 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. పెట్రోల్ ఇచ్చే గరిష్ఠం 113, అదీ 4,200 చుట్ల దగ్గర. టర్బో అందుకోగానే వెనక నుంచి ఎవరో తోసినట్టు ఉంటుంది. అలవాటు లేని పాదానికి, వాన పడిన రోడ్డుకు ఆ తోపు అంత మంచిది కాదు. డీజిల్ బండి బరువు కూడా ముందు భాగంలో దాదాపు వంద కిలోలు ఎక్కువ.

బ్రిటన్‌లో కుర్రాళ్ల బీమా ప్రీమియం కారును బట్టి, వయసును బట్టి భారీగా మారుతుంది. కాబట్టి అక్కడ తొలి కారు ఏదన్నది సగం బీమా కంపెనీయే తేల్చేస్తుంది. మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజిన్ సీసీని బట్టే ఉంటుంది. 1,000 నుంచి 1,500 సీసీ దాకా 2022లో నిర్ణయించిన 3,416 రూపాయలే, పెట్రోలైనా డీజిలైనా, డ్రైవర్‌కు 20 ఏళ్లయినా 50 అయినా. జాగ్రత్త కొనేవాళ్లే పడాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. మృతుల్లో 66.5 శాతం 18 నుంచి 45 ఏళ్ల వాళ్లు.

ఇక్కడ ఇంధనం కన్నా తయారీ తేదీ ముఖ్యం. అన్ని కార్లకూ ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి తప్పనిసరి అయ్యాయి. ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ 2021 చివరికి అన్ని మోడళ్లకూ వచ్చింది. అంతకు ముందు చాలా మోడళ్లలో ఇవి ఖరీదైన వేరియంట్లకే. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షించిన మన చిన్న కార్ల ప్రాథమిక వేరియంట్లకు ఒక్క స్టార్ కూడా రాలేదు. రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టిన పోలోకు నాలుగు వచ్చాయి. 2020లో ఆల్ట్రోజ్‌కు ఐదు, టియాగోకు నాలుగు వచ్చాయి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, పొడి రోడ్డు మీద, ఒక సెకను స్పందన కాలం కలుపుకుంటే బండి ఆగడానికి సుమారు 37 మీటర్లు పడుతుంది. 80 వేగంలో 58 మీటర్లు. అందువల్ల ఒకే ధరకు 2015 నాటి అన్ని హంగుల డీజిల్, 2019 చివరి నాటి సాదా పెట్రోల్ దొరికితే, 22 ఏళ్ల డ్రైవర్‌కు రెండోదే ఇవ్వాలి. అల్లాయ్ చక్రాలు తర్వాతైనా కొనుక్కోవచ్చు.

బండి చూడబోయేటప్పుడు

ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ముందే వేడి చేసి ఉంచారంటే కారణం ఉంటుంది. స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందని, ఆగకుండా తెల్ల పొగ వస్తే కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతోందని అనుమానించాలి. డీజిల్‌కు దట్టమైన నల్ల పొగ ఇంజెక్టర్ల గురించో, టర్బో గురించో చెబుతుంది. టైరు అంచు మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. మీటరులో 25 వేల కిలోమీటర్లు ఉండి టైర్లు రెండోసారి మారి ఉంటే, మీటరును వెనక్కి తిప్పారేమో చూడాలి. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు వెయ్యి రూపాయల లోపు దొరికే స్కానర్ తగిలించి ఫోన్‌లో చూస్తే దాగిన లోపాల కోడ్‌లు కనిపిస్తాయి. కోడ్‌లేవీ లేకుండా, స్వీయ పరీక్షలన్నీ 'పూర్తి కాలేదు' అని చూపిస్తే, కొద్దిసేపటి క్రితమే ఎవరో చెరిపేసి ఉండవచ్చు.

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. అమ్మేవాళ్లు చెప్పే ధరను ఇప్పటి కొత్త బండి ధరతో పోల్చి చూడాలి గాని, వాళ్లు కొన్న నాటి బిల్లుతో కాదు.

ఇక కాగితాలు. జీజే-05 సిరీస్ సూరత్‌ది. మహారాష్ట్ర, ఢిల్లీ నంబరు బండి చవకగా వస్తే ఎందుకని అడగాలి. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో నిషేధం విధించాక, వాటిలో చాలా ఇతర రాష్ట్రాల బజార్లకు చేరాయి. సూరత్‌లో ఆ పదేళ్ల నిషేధం లేదు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆపైన పరీక్ష నెగ్గితే ఐదేసి ఏళ్లు. పాత యజమాని బ్యాంకు రుణం తీరిందా లేదా ఆర్‌సీలో చూడాలి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు తీసుకోవాలి. బండి చేతికొచ్చాక 30 రోజుల్లోపు పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. బీమా తన పేరు మీదికి మార్చమని కంపెనీకి 14 రోజుల్లోపు రాయాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ కొత్తవారికి రాదు. అమ్మినవారు కూడా పేరు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోవాలి, ఎందుకంటే ఆర్‌సీలో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారానికి వాళ్లే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది.